కూర్చున్న కోడలు

మా మావగారికి దగ్గు జబ్బు లేదు. ఈ మాట ముందే చెప్పకపోతే తర్వాత నేను చెప్పేదేదీ మీకు ఎక్కదు. మనిషి రాయిలా ఉండేవాడు, తుమ్మగా కూడా నేను చూడలేదు. అయినా పొలం నుంచి వచ్చి వీధి గుమ్మం ఎక్కబోయే ముందు రెండుసార్లు గట్టిగా దగ్గేవాడు. ఆ దగ్గు వినపడగానే ఇంట్లో ఆడవాళ్లు ఎక్కడివాళ్లక్కడ లేచి నిలబడాలి. చేతిలో చేట ఉన్నా సరే, చేతులు పిండిలో ఉన్నా సరే. ఆయన నడవ దాటి, పెరట్లో కాళ్లు కడుక్కుని, మళ్లీ వచ్చి అరుగు మీద చతికిలబడేదాకా కోడలన్నది కూర్చోకూడదు. మావ ఎదుట కూర్చున్న కోడలు ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ లేరు, నేను తప్ప.

మాది రామతీర్థం కొండలు కనబడే ఊరు. చోళ్లు, గోగు, వాన కరుణిస్తే వరి. అరవైల చివరి సంవత్సరాలవి. మా ఆయన కొత్తవలస దగ్గర కొత్తగా వేసిన రైలు దారి మీద పనిచేసేవాడు. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే బస్సెక్కేవాడు. మిగతా రోజులన్నీ ఇంట్లో అత్త, మావ, నేను. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. పుట్టింట్లో పురుడు పోసే ఆడదిక్కు లేదు కాబట్టి తొలికాన్పు అత్తవారింట్లోనే అని పెళ్లినాడే అనుకున్నారు.

నా జబ్బు సంగతి మాత్రం పెళ్లినాడు ఎవరూ అనుకోలేదు. అది నాకు పద్నాలుగో ఏట నుంచీ ఉంది. ఉన్నట్టుండి లేచి నిలబడినా, ఒకేచోట కాసేపు నిలబడినా ముందు చెవుల్లో హోరు మొదలయ్యేది. గుండె దడదడలాడేది. ఒళ్లంతా చల్లటి చెమట పట్టి, చూపు అంచుల నుంచి నల్లబడుతూ మధ్యకొచ్చేది. కూర్చుంటే తిరిగొచ్చేది, కూర్చోకపోతే పడిపోయేదాన్ని. బడిలో ప్రార్థన పూర్తయ్యేలోపు ఎన్నిసార్లు నేల కరిచానో లెక్కలేదు. మా నాన్న నీరసమన్నాడు. ఊళ్లో ఆయుర్వేదం ఆయన పైత్యమన్నాడు. నాకైతే ఒళ్లు మండేది. ఒంట్లో ఉన్న రక్తమంతా కాళ్లలోకి జారిపోయినా కోపం మాత్రం తలలోనే ఉండిపోయేది.

మూడో నెలలో మొదటి తప్పు చేశాను. గోగు నార వలిచే రోజులు. పెరట్లో కూర్చుని నార చిక్కు తీస్తుంటే దగ్గు వినపడింది. గబుక్కున లేచాను. లేచిన వెంటనే హోరు, చీకటి. కడుపులో బిడ్డ ఉందన్న భయం ఒకటి కొత్తగా చేరింది కదా, పడేదాకా ఆగకుండా ఉన్నచోటే గొంతుక్కూర్చుండిపోయాను. చూపు తిరిగొచ్చేసరికి మావగారి కాళ్లు నా ముందు నుంచి వెళ్తున్నాయి. ఒక్క క్షణం ఆగి, ఏమీ అనకుండా నూతి దగ్గరికి వెళ్లిపోయాడు. అనాల్సిందంతా మా అత్త అంది.

"ఓలమ్మా! మావొస్తే కూకుండిపోయినావు! సిగ్గూ ఎగ్గూ నేవేటే నీకు?"

"కళ్లు తిరిగాయత్తా."

"నీకేనేటి కళ్లు తిరిగేవి? అయిదుగుర్ని కన్నాను నాను. ఏనాడైనా మా మావ ముందర కూకున్నానా? కూకుని తింటే కొండలైనా కరిగిపోతాయి."

"నిలబడి తిన్నా కరుగుతాయి" అన్నాను. నా నోరు అలాంటిది. ఆ పూట నాకు కూర రాలేదు.

అత్త చెడ్డది కాదు. ఆమె కన్న అయిదుగురిలో ముగ్గురు పసిగుడ్లుగానే పోయారు. మిగిలినవాళ్లు మా ఆయన, ఆయనకి అక్క అయిన మా వదిన. అందుకే ఆమెకి అన్నిటికీ భయం. నాకు గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేస్తే ఆ ఘాటుకి నేను దగ్గాను. నా దగ్గు విని ఎవరూ లేవలేదని అన్నాను. దానికీ తిట్లు తిన్నాను.

అయిదో నెలలో నా పొగరు నా మీదికే తెచ్చింది. ఇది నేను ఎవరి మీదా వెయ్యను. ముందురోజే అత్త పొరుగింటావిడతో "మా కోడలు నిలబడనేదు, రాణిగారు" అనడం విన్నాను. సరే చూపిస్తాను అనుకున్నాను. మర్నాడు దగ్గు వినపడితే లేచి నిలబడ్డాను. హోరు వచ్చింది, నిలబడ్డాను. చీకటి వచ్చింది, అప్పుడూ పళ్లు బిగపట్టి నిలబడ్డాను. తర్వాత సంగతి నాకు తెలీదు. రోలు అంచు తగిలి నుదురు చిట్లింది. తెలివొచ్చేసరికి అత్త నా తల ఒళ్లో పెట్టుకుని శోకాలు పెడుతోంది. మావగారు గుమ్మం దగ్గర తలగుడ్డ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ పూటంతా బిడ్డ కదల్లేదు. కడుపు మీద చెయ్యి వేసుకుని ఎంతసేపు పడుకున్నానో. దీపాలు పెట్టే వేళకి లోపల చిన్నగా ఒక్క తన్ను తన్నింది. అప్పుడు ఏడ్చాను. ఇంకెప్పుడూ పొగరుకి నిలబడనని ఆ తన్నుకి మాటిచ్చాను.

ఆ సోమవారం మా ఆయన పని మానేసి నన్ను విజయనగరం తీసుకెళ్లాడు. అక్కడొక లేడీ డాక్టరమ్మ. నెరిసిన జుట్టు, నిదానమైన మనిషి. నేను చెప్పిందంతా మధ్యలో అడ్డుపడకుండా విన్నది. అంతవరకూ నన్ను అలా విన్నవాళ్లు లేరు. ఎడమ పక్కకి పడుకోబెట్టి చేతికి పట్టీ కట్టి రక్తపోటు చూసింది. మెల్లిగా నిలబెట్టి మళ్లీ చూసింది. మళ్లీ కాసేపాగి చూసింది. ఆ మూడోసారికి నన్ను తనే పట్టుకుని కూర్చోబెట్టింది.

"మనం చెప్పకుండానే ఒళ్లు చేసుకునే పనులు కొన్ని ఉంటాయమ్మా" అంది. "గుండె కొట్టుకోవడం, చెమట పట్టడం, లేచినప్పుడు రక్తం కాళ్లలోకి జారకుండా నాళాలు బిగుసుకోవడం. వాటిని చూసుకునే నరాలు వేరే ఉంటాయి. నీకు ఆ నరాలు సరిగ్గా పని చెయ్యడం లేదు. నువ్వు కావాలని చేసేది కాదు, నీ మీద ఎవరో చేసిందీ కాదు."

"ఎప్పటికి తగ్గుతుందండీ?" అన్నాడు మా ఆయన.

"తగ్గుతుందని నేను చెప్పలేను. దీనితో బతకడం నేర్చుకోవాలి. కడుపుతో ఉన్నప్పుడు ఇంకా ఎక్కువవుతుంది."

నేర్చుకోవాల్సినవి చెప్పింది. నీళ్లు బాగా తాగాలి. అందరికీ తగ్గించమనే ఉప్పు నాకు కొంచెం పెంచమంది, అయితే నెలనెలా వచ్చి చూపించుకోవాలి, మొహం వాచినా చేతులు వాచినా వెంటనే రావాలి. కాళ్లకి పాదాల నుంచి తొడల దాకా గుడ్డ పట్టీలు బిగించి చుట్టుకోవాలి. వెల్లకిలా పడుకోకూడదు. లేచేటప్పుడు ముందు కూర్చుని, కాళ్లు ఆడించి, ఏదైనా పట్టుకుని, అప్పుడు నిలబడాలి. "చూపు మసకేస్తే ఎవరున్నా సరే కూర్చో. రాజుగారున్నా కూర్చో" అంది. రాజుగారయితే పర్వాలేదు, మా ఇంట్లో మావగారున్నాడు అని నాలో నేను అనుకున్నాను.

బస్సులో మా ఆయనతో అన్నాను, "మీ అయ్యతో చెప్పు, దగ్గు కొంచెం ముందుగా దగ్గమని."

"అయ్యకి నానేటి సెప్పగల్ను?" అన్నాడు. ఇనప పట్టాలు మోసే మనిషి, తండ్రి పేరెత్తితే పిల్లయిపోయేవాడు.

ఇంటికొచ్చాక ఉప్పు మీద యుద్ధం. కడుపుతో ఉన్నదానికి ఉప్పెక్కువైతే కాళ్లకి నీరు దిగుతుందని అత్త, డాక్టరమ్మ చెప్పిందని నేను. చివరికి మూలనున్న తరవాణి కుండ మమ్మల్ని కలిపింది. అన్నం వార్చిన గంజి పులవబెట్టిన తరవాణి మా వైపు ప్రతి ఇంట్లో ఉండేదే. అందులో ఉప్పు వేసుకుని పొద్దున్నే పెద్ద చెంబుడు తాగితే మధ్యాహ్నం దాకా కాళ్ల మీద ఉండగలిగేదాన్ని. నా పెళ్లిచీర కాక మిగిలినవాటిలో ఒక పాతది చింపి కాళ్లకి చుట్టుకున్నాను. గోడ పట్టుకుని మూడు విడతల్లో లేవడం అలవాటు చేసుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒకటి గమనించాను. దగ్గు గుమ్మం దగ్గర కాకుండా వీధి చివర గడ్డివాము దగ్గర వినపడుతోంది. అక్కణ్నుంచి మా గుమ్మానికి రావడానికి నేను మూడు విడతల్లో లేవడానికి పట్టేంత సేపు పడుతుంది. మా ఆయన చెప్పి ఉండడు. మరి ఆయనకి ఎలా తెలిసిందో, అసలు నా కోసమేనో కాదో, అడిగే చనువు లేదు. నాతో ఆయన అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడలేదు.

ఏడో నెలలో మా వదిన సాలూరు నుంచి వచ్చింది. వాళ్లాయన లారీ డ్రైవరు. పెళ్లయి పన్నెండేళ్లయినా కడుపు పండలేదు. మెత్తటి మనిషి, నవ్వితే నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. నా కాళ్లు తన ఒళ్లో పెట్టుకుని పట్టీలు విప్పి మళ్లీ చుట్టింది. ఆ సాయంత్రం అత్త చల్లగా ఒక మాట బయటపెట్టింది.

"పుట్టేక బిడ్డని కొన్నాళ్లు సాలూరు అంపిద్దాం. ఇది ఎప్పుడు పడతాదో ఎవులికి తెలుసు? సంకలో పిల్లుండగా పడితే? దీనికి బాగయ్యేదాకా మేనత్త పెంచుతాది."

నాకు బాగవదని నాకూ తెలుసు, విజయనగరం డాక్టరమ్మకీ తెలుసు. బాగయ్యేదాకా అంటే ఎప్పటికీ అనే. వదిన తల వంచుకుని నా పట్టీ ముడి సరిచేస్తూ ఉంది. సరిగ్గా ఉన్న ముడినే విప్పి మళ్లీ కట్టింది. "ఇవ్వను" అన్నాను. అత్త వినిపించుకోలేదు. ఆ రోజు నుంచి నా కడుపులో బిడ్డ నాదో కాదో నాకు తెలియకుండా పోయింది.

కాన్పుకి ఆసుపత్రికే రమ్మంది డాక్టరమ్మ. వైశాఖం ఎండల్లో, నెల ఇంకా నిండకుండానే, మిట్టమధ్యాహ్నం నొప్పులొచ్చాయి. బస్సు వెళ్లిపోయింది. ఆ ఎండలో ఎడ్లబండి మీద తీసుకెళ్తే దార్లోనే పోతానని అత్త వద్దంది. ఆ ఒక్క విషయంలో ఆమె మాటే నిజం. మంత్రసాని వచ్చింది. "నడువమ్మా నడువు, నడిస్తే బేగొస్తాది" అంది. నడిస్తే పడతానన్నాను. వెల్లకిలా పడుకోమంది. పడుకోగానే చెవుల్లో హోరు, పక్కకి తిరిగిపోయాను. ముసలిదానికి విసుగొచ్చింది.

"నడవవు, పడుకోవు! మరేటి సేస్తావు?"

"కూర్చుంటాను."

ఆమె నన్ను ఎగాదిగా చూసి ఫకాలున నవ్వింది. "అయితే కూకునే కనీ! మా అమ్మ సేతుల మీద కన్నోళ్లందరూ కూకునే కన్నారు" అని వాసానికి తాడు కట్టించి నా చేతికిచ్చింది. గొంతుక్కూర్చుని, తాడు పట్టుకుని, నొప్పికీ నొప్పికీ మధ్య ఎడమ పక్కకి వాలి, పొద్దు వాలే వేళకి ఆడపిల్లని కన్నాను. ఎనిమిదేళ్లు నన్ను నిలబడనివ్వని జబ్బు, కనేటప్పుడు మాత్రం సరైన చోటే కూర్చోబెట్టింది.

కన్న తర్వాత చాలా రక్తం పోయింది. చీకటి మళ్లీ అంచుల నుంచి వస్తోంది, ఈసారి కూర్చోవడానికి కూడా కిందేమీ లేదు. "తరవాణి" అన్నాను. బాలింతకి పులుపు, చలవ, నీళ్లు అన్నీ నిషేధమే. మంత్రసాని వద్దంటే వద్దంది, వాతం చేస్తుందంది. అత్త నా మొహం చూసింది. ముగ్గురు పిల్లల్ని మట్టిలో పెట్టిన మనిషికి ఆ రంగు తెలుసు.

"సచ్చినదానికి వాతమేటే!" అని ముసలిదాన్ని కసిరి, గుప్పెడు ఉప్పు వేసి కుండే తెచ్చి నా నోటికి పెట్టింది. గుక్కగుక్కకీ తిడుతూ తాగించింది. ఆ తిట్లు నాకిప్పటికీ గుర్తు. అంత ప్రేమగా నన్ను ఎవరూ తిట్టలేదు.

కానీ పదకొండో రోజు పురుటిస్నానం, పాపని నా దగ్గరే ఉంచుతుందన్న నా ఆశ తీసేసింది. వావిలాకు వేసి మరిగించిన నీళ్లు, పొగలు కక్కుతూ నెత్తిన పోశారు. వేడికి రక్తం ఇంకా జారిపోతుందని నాకు తెలుసు, వద్దని మొత్తుకున్నాను. సాంబ్రాణి పొగకి నిలబెట్టారు. అక్కడే విరుచుకుపడ్డాను. లేచేసరికి అత్త పాపని గుండెకి అదుముకుని దూరంగా నిలబడి ఉంది.

"ఇదే నీ సేతిలో ఉంటే?" అంది. ఆ రోజే సాలూరుకి కబురు వెళ్లింది. అప్పటి నుంచి పాలిచ్చినంతసేపే పాప నా దగ్గర. అయ్యాక అత్త తీసేసుకునేది.

ఇరవై ఒకటో రోజున పాపని ఉయ్యాల్లో వేశారు. వదిన పొద్దుటి బస్సుకే వచ్చింది. సంచిలో తను కుట్టిన చిన్న గౌన్లు, మెత్తటి మల్లు గుడ్డవి, ఆరు. మడత మీద మడత పెట్టి తెచ్చింది. సాయంత్రం బస్సుకి పాపతో తిరుగుప్రయాణం. నడవలో పేరంటాళ్లు నిండా ఉన్నారు, మా ఆయన వీధిలో మగవాళ్లతో ఉన్నాడు. పాలివ్వడానికని పాపని తీసుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాను. పాలు తాగి నిద్రపోయింది. అత్త చేతులు చాపింది. నేను ఇవ్వలేదు.

అప్పుడు దగ్గు వినపడింది, గడ్డివాము దగ్గర. నడవలో ఆడవాళ్లందరూ బిలబిలా లేచారు. గడప దగ్గర రెండోసారి వినపడింది. నేను లేవలేదు.

"లెగవే" అంది అత్త పళ్లబిగువున. "అందరూ సూస్తన్నారు."

మావగారు లోపలికొచ్చాడు. అంతమంది నిలబడ్డవాళ్ల మధ్య కింద కూర్చున్నది నేనొక్కదాన్నే. ఆయనతో నేరుగా మాట్లాడాను. కోడలు అలా మాట్లాడకూడదు. అప్పటికే కూర్చున్నాను కదా, ఇక ఏ తప్పయితేనేం.

"నిలబడితే పడతాను మావా. కూర్చుంటే ఎప్పుడూ పడలేదు. పిల్ల నా దగ్గరుంటే నేను కూర్చునే ఉంటాను. కూర్చునే పెంచుతాను. నన్ను లేవమనకండి, పిల్లని తీసుకోకండి."

ఆయన నా నుదుటి మీద రోలు మిగిల్చిన మచ్చ వైపు చూశాడు. తర్వాత తలగుడ్డ తీసి నేల మీద పరుచుకుని, పేరంటాళ్ల మధ్యనే, నాకు ఎదురుగా చతికిలబడ్డాడు.

"కూకో" అన్నాడు నాతో. అదే మొదటి మాట. తర్వాత అత్త వైపు తిరిగి, "పడకండా కూకోడం తెలిసింది దానికి. పిల్లనెత్తుకోడానికి ఇంకేటి తెలాల? దాని పిల్ల దాని కాడే ఉంటాది" అన్నాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో దగ్గు వినపడలేదు. నేను అన్నట్టే కూర్చుని పెంచాను. ఉయ్యాల నేలకి జానెడు ఎత్తులో కట్టించాను, స్నానాలు కాళ్ల మీద, గోరుముద్దలు గడప మీద. మా పిల్ల తల్లి కొంగు పట్టుకుని నడవలేదు, నా భుజం పట్టుకుని నడక నేర్చుకుంది. ఒక్కసారి కూడా నా చేతుల్లోంచి పడలేదు. ఈ కథ మా వాళ్లకి చెప్పినప్పుడల్లా ఇక్కడే ఆపుతాను. వినేవాళ్లకి కళ్లనీళ్లు తిరుగుతాయి, బాగుంటుంది.

కానీ ఆ సాయంత్రం ఇంకా అయిపోలేదు. పేరంటాళ్లంతా వెళ్లాక, అత్త పెరట్లో ఉండగా, బస్సు వేళకి వదిన ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది. గౌన్లు ఆరూ నా పక్కన పెట్టింది. ఆడపడుచు వెళ్తుంటే మరదలు గుమ్మం దాకా వచ్చి బొట్టు పెట్టి సాగనంపాలి. నేను కదలబోయినట్టు చేశానేమో, ఆమె వెంటనే నా భుజం మీద చెయ్యి వేసింది.

"కూకో పిల్లా, లెగకు. పడిపోతావు" అంది. పాప అరికాలు ఒక్కసారి ముట్టుకుని వెళ్లిపోయింది.

ఆ పూట నేను లేవగలిగేదాన్నే. పొద్దున్నే రెండు చెంబుల తరవాణి తాగాను, పట్టీలు బిగించి ఉన్నాయి, కళ్లు తేటగా ఉన్నాయి. గుమ్మం పది అడుగులు. కానీ లేవాలంటే పాపని ఎవరికో ఒకరికి అందించాలి, దగ్గర్లో ఖాళీ చేతులతో నిలబడి ఉన్నది ఆమె ఒక్కతే. ఆ ఒక్క నిమిషం కూడా ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. జబ్బుని అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయాను. ఆమె నమ్మింది. బతికున్నన్నాళ్లూ, మా ఇంటికి వచ్చినప్పుడల్లా, వెళ్లేటప్పుడు "లెగకు, లెగకు" అంటూనే వెళ్లేది. ఆ రోజు లేవగలిగేదాన్నేనన్న సంగతి నేను ఆమెకి చెప్పలేదు.